గొంతు దాచుకున్న చోటు

1974 చివర్లో క్యాపిటల్ కంపెనీ అమెరికాలో ఒక చిన్న రికార్డు విడుదల చేసింది. నిమిషానికి 45 చుట్లు తిరిగే రకం. అటొక పాట, ఇటొక పాట. అటువైపు "యూ ఆర్ నో గుడ్". పదకొండేళ్ల కిందట నల్లజాతి గాయనులు పాడిన సోల్ పాట అది. ఇటువైపు "ఐ కాంట్ హెల్ప్ ఇట్". హాంక్ విలియమ్స్ 1951లో పాడిన అచ్చమైన కంట్రీ పాట. పాప్ రేడియో వాళ్లు మొదటి వైపు వేసుకున్నారు, కంట్రీ రేడియో వాళ్లు రికార్డు తిరగేసి రెండో వైపు వేసుకున్నారు. మొదటిది 1975 ఫిబ్రవరి 15 నాటి బిల్‌బోర్డ్ పాప్ జాబితాలో ఒకటో స్థానానికి చేరింది. రెండోది కంట్రీ జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లి, మరుసటి ఏడాది పాడినామెకు గ్రామీ కూడా తెచ్చిపెట్టింది.

పాడింది లిండా రాన్‌స్టాట్. ఈ రెండు పాటలూ ఉన్న ఎల్పీ పేరు "హార్ట్ లైక్ ఎ వీల్". అదే వారం ఆల్బమ్‌ల జాబితాలోనూ అదే మొదటిది. కంట్రీ రాక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈగల్స్ బృందం పేరు చెప్పడం అలవాటు. నేనైతే ఈ చిన్న రికార్డు చేతిలో పెట్టి, ఒకసారి తిప్పి చూడమంటాను.

ఈగల్స్ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక సంగతి. 1971లో లిండా వెనక వాయించడానికి కుదిరిన కుర్రాళ్లలో గ్లెన్ ఫ్రై, డాన్ హెన్లీ ఉన్నారు. బెర్నీ లెడన్, రాండీ మైస్నర్ కూడా ఆమె దగ్గర వాయించినవాళ్లే. ఆ నలుగురే తర్వాత ఈగల్స్ అయ్యారు. అంటే లాస్ ఏంజెలస్‌లో ఈ సంగీతం పుట్టిన పంచ ఆమెదే. కానీ ఆ కుర్రాళ్లు జాబితాలెక్కి ఊరేగుతుంటే, ఆమె మాత్రం ఏడేళ్లుగా పాడుతూనే ఉంది, పేరుంది, పెద్ద విజయం లేదు. స్టోన్ పోనీస్ అనే బృందంతో 1967లో "డిఫరెంట్ డ్రమ్" పాడింది. ఆ పాట బాగానే నడిచింది, ఆ వెంటనే బృందం చెదిరిపోయింది. 1970లో "లాంగ్ లాంగ్ టైమ్" అనే పాటకు మంచి మాటలొచ్చాయి. ఆల్బమ్ ఆల్బమ్‌కీ నిర్మాత మారాడు. ఒకాయన ఆమెను నాష్‌విల్ తీసుకెళ్లి అక్కడి వాయిద్యగాళ్ల మధ్య నిలబెట్టాడు, ఇంకొకాయన ఇంకొకటి చేశాడు. 1973లో ఆమె క్యాపిటల్‌ని వదిలి అసైలమ్ అనే కొత్త కంపెనీకి వెళ్లిపోయింది కూడా. కానీ పాత ఒప్పందం ప్రకారం క్యాపిటల్‌కి ఇంకొక ఆల్బమ్ బాకీ ఉంది. ఆ బాకీ తీర్చడానికి చేసినదే ఇది. బాకీ కింద ఇచ్చిన సరుకు ఇంత బాగుండటం వ్యాపారంలో అరుదు.

ఇందులో పాటలు పది. రాసినవాళ్లు పది చోట్ల వాళ్లు. క్లింట్ బల్లార్డ్ జూనియర్, పాల్ ఆంకా, జె.డి. సౌథర్, డాన్ పెన్ - చిప్స్ మోమన్ జంట, ఆనా మెక్‌గారిగల్, ఫిల్ ఎవర్లీ, లోవెల్ జార్జ్, హాంక్ విలియమ్స్, పాల్ క్రాఫ్ట్, జేమ్స్ టేలర్. ఏ ఒక్కరిదీ రెండో పాట లేదు. లిండా రాసింది ఒక్కటీ లేదు. మనకిది వింతగా తోచదు. మన సినిమా పాటకు మాటలొకరు రాస్తారు, బాణీ ఒకరు కడతారు, గొంతు ఇంకొకరిస్తారు. సుశీలనో జానకినో పట్టుకుని "మీ పాటలు మీరే ఎందుకు రాసుకోరు?" అని ఎవరూ నిలదీయలేదు. కానీ 1970ల మొదట్లో లాస్ ఏంజెలస్ గాలి వేరు. తన గోడు తానే రాసుకుని, తన గిటార్ తానే మీటుకుని పాడినవాడే కళాకారుడనే కాలమది. జోనీ మిచెల్, జేమ్స్ టేలర్, జాక్సన్ బ్రౌన్ ఏలుతున్న రోజులు. ఊరికే పాడే మనిషి అంటే కాస్త చిన్నచూపు. ఇప్పుడు యూట్యూబ్‌లో "కవర్ సాంగ్" అనగానే మనకూ అలాంటి చిన్నచూపే వచ్చిందనుకోండి, అది వేరే కథ.

ఈ ఆల్బమ్‌ని నేను మెచ్చుకునేది ఎంపిక కోసం మాత్రమే కాదు. లిండా గొంతు పెద్దది. ఎంత పెద్దదంటే, దాన్ని వదిలేస్తే పాట కనబడదు, గొంతే కనబడుతుంది. ఆమె పుట్టింది 1946లో, ఆరిజోనాలోని టూసాన్‌లో. మెక్సికో సరిహద్దు దగ్గరే. తండ్రి వైపు మెక్సికన్ మూలాలు, ఇంట్లో స్పానిష్ పాటలు. లోలా బెల్ట్రాన్ అనే మెక్సికన్ గాయని తనకు గురువులాంటిదని ఆమే చెప్పుకుంది. మెక్సికోలో రంచేరా పాటల తీరు విన్నవాళ్లకు తెలుస్తుంది: గుండె నిండా ఊపిరి పట్టి, ఆరుబయట నిలబడి, కొండ అవతలికి వినిపించాలన్నట్టు పాడతారు. ఆ బలంతో రాక్ పాట అందుకుంటే పాట నలిగిపోతుంది. ముందరి ఆల్బమ్‌లలో అక్కడక్కడా అదే జరిగింది. ఈ పది పాటల్లో ఆ గొంతు ఎక్కడ దాచాలో, ఎక్కడ వదలాలో తెలిసింది. నా లెక్కలో ఈ రికార్డు పనితనమంతా అక్కడే ఉంది.

అందులో పీటర్ ఆషర్ చేయి చాలా ఉంది. ఆయన ఇంగ్లండు మనిషి. 1964లో "పీటర్ అండ్ గోర్డన్" జంటలో ఒకడిగా పాడి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత బీటిల్స్ వాళ్ల యాపిల్ కంపెనీలో కొత్త గాయకుల్ని వెతికిపెట్టే పని చేశాడు. జేమ్స్ టేలర్‌ని పట్టుకొచ్చింది ఆయనే. లిండా ముందు ఆల్బమ్ పూర్తిచేయడంలో ఒక చేయి వేశాడు. మొదటినుంచి చివరిదాకా ఆయనే నిర్మాతగా చేసినది ఇదే మొదలు. ఆషర్ పాటగాడైనా పాట మీద తన ముద్ర కొట్టే రకం కాదు. ఎదుటి మనిషికి ఏ పాట మీద మనసుందో కనిపెట్టి, అది తలపెట్టడానికి అడ్డమొచ్చేవాళ్లను పక్కకు జరిపే రకం.

సూది పెట్టగానే వినబడేది "యూ ఆర్ నో గుడ్". ఈ పాటను మొదట 1963లో డీ డీ వార్విక్ పాడింది, వెనువెంటనే బెట్టీ ఎవరెట్ పాడింది. దీన్ని కచేరీల్లో పాడమని లిండాకు సలహా ఇచ్చింది కెన్నీ ఎడ్వర్డ్స్, స్టోన్ పోనీస్ రోజుల నుంచి ఆమె పక్కనున్న మనిషి. ఈ రికార్డులో బేస్ గిటార్ ఆయనదే. పాట ఎత్తుగడలో బేస్, గిటార్ ఒకే చిన్న నడకను పట్టుకుని, పిల్లి గోడ మీద నడిచినట్టు మెల్లగా వస్తాయి. లిండా ఆ నడక వెనకే వస్తుంది, కింది స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టు. బెదిరింపు లేదు, ఏడుపు లేదు. తేల్చేసుకున్న మనిషి గొంతు అది. పల్లవి వచ్చినప్పుడు వంతపాట పాడే క్లైడీ కింగ్, షెర్లీ మాథ్యూస్ ఆమె మాటకు మాట కలుపుతారు. అప్పుడు కూడా ఆమె పూర్తిగా తెరవదు.

రెండో చరణం దగ్గర ఒక చిన్న మలుపు ఉంది, చాలామంది వినీ వినక దాటేస్తారు. అప్పటిదాకా పాట ఒక పనికిమాలిన మగాడి మీద. ఇక్కడ ఆమె తన సంగతి ఒప్పుకుంటుంది. ఇలాంటివాడి కోసం తాను ఒక మంచివాడి మనసు విరిచానని, మోకాళ్ల మీద పడి అతన్ని క్షమాపణ అడుగుతానని, అతను తనను కూడా ఇదే తిట్టు తిడితే తప్పులేదని. అంటే పల్లవి తిరిగి వచ్చేసరికి ఆ తిట్టు ఎవరి మీదో తేలదు. వాడి మీదా, తన మీదా? మాటలు అవే, బాణీ అదే. లిండా చేసిందల్లా ఆ రెండోసారి గొంతు కాస్త బిగించడం. మొదటిసారి పళ్ల మధ్య నుంచి వచ్చిన మాట, రెండోసారి కడుపులోంచి వస్తుంది. పైకి కోపంలా వినిపించేది, లోపల సిగ్గు. ఈ తేడా తెలియాలంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు పల్లవులూ వరసగా వినాలి.

ఇక వాయిద్యాల సంగతి. ఆండ్రూ గోల్డ్ అనే ఇరవైల్లో ఉన్న కుర్రాడు ఈ పాటలో డ్రమ్స్ వాయించాడు, ఎలక్ట్రిక్ పియానో వాయించాడు, గిటార్లు కూడా వాయించాడు. ఒకదాని మీద ఒకటి వేరువేరు ట్రాకుల్లో ఎక్కించుకుంటూ పోయాడన్నమాట. గిటార్లు ఒక పొర మీద ఇంకో పొర చేరి, ఒకే వేలు రెండు తీగల మీద జారినట్టు కలిసి పాడతాయి. ఆ పనిలో బీటిల్స్ వాసన స్పష్టంగా వస్తుంది, ఆషర్ ఉన్న చోట అది రాకపోతే వింత. చివర్లో లిండా తన మాట ముగించి పక్కకు తప్పుకుంటుంది. అక్కణ్ణించి గిటార్లు, గ్రెగరీ రోజ్ కూర్చిన వయొలిన్లు చాలాసేపు తమలో తాము వాదించుకుంటాయి. పెద్ద గొంతున్న గాయని నోరు మూసుకుని, ఆఖరి మాట వాయిద్యాలకు వదిలేసిన పాట ఆ ఏడాది జాబితాలో మొదటి స్థానంలోకి వెళ్లింది. ఇది చిన్న ధైర్యం కాదు.

తర్వాతి రెండూ త్వరగా చెప్పేస్తాను. "ఇట్ డజంట్ మ్యాటర్ ఎనీమోర్" పాల్ ఆంకా, బడీ హాలీ కోసం రాసింది. హాలీ 1958లో పాడాడు, 1959 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో పోయాడు. హాలీ దాన్ని గంతులేస్తూ, పోతే పో అన్నట్టు పాడాడు. లిండా నడక తగ్గించేసింది. గంతు పోయేసరికి, లెక్క చేయనంటున్న మనిషి ఎంత లెక్క చేస్తోందో బయటపడుతుంది. "ఫెయిత్‌లెస్ లవ్" జె.డి. సౌథర్ రాసింది, ఆయనే కింద హార్మనీ కలిపాడు. హెర్బ్ పెడర్సన్ బాంజో ఉంది అందులో. బాంజో అంటే గలగలా పరిగెత్తే వాయిద్యం అనుకుంటాం. ఇక్కడది చూరునుంచి వాన చుక్కలు ఒక్కొక్కటే రాలినట్టు మోగుతుంది. కంట్రీ రాక్‌లో "కంట్రీ" అన్న సగం అంటే కౌబాయ్ టోపీ కాదని, ఇలాంటి వాడకమని ఆ బాంజో చెబుతుంది.

నాలుగో పాట దగ్గర నాకు పేచీ ఉంది. "ది డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్". దొంగచాటుగా కలుసుకునే ఇద్దరి పాట. జేమ్స్ కార్ అనే మెంఫిస్ గాయకుడు పాడిన రికార్డు 1967 నాటిది. అందులో ఆయన గొంతు వణుకుతుంది, ఎవరో వస్తున్నారేమోనని చెవి రిక్కించి పాడుతున్నట్టుంటుంది. లిండా ఇక్కడ మాత్రం గొంతు వదిలేసింది. వెనక వంతపాటలో సిస్సీ హ్యూస్టన్ లాంటి మహా గాయని ఉంది. పాడింది బాగా పాడింది, శ్రుతి తప్పలేదు, బలం తగ్గలేదు. కానీ చీకటి సందులో దాక్కున్న మనిషి వీధి వీధంతా వినిపించేలా పాడితే ఇంక దాక్కోవడం ఎందుకు? పదింటిలో నాకు నచ్చనిది ఇదొక్కటే. అయితే ఈ ఒక్క పొరపాటుతో పోల్చి చూస్తేనే మిగతా పాటల్లో ఆమె ఏం చేయకుండా ఆగిందో బాగా తెలుస్తుంది.

మొదటి వైపు ఆఖరి పాట "హార్ట్ లైక్ ఎ వీల్". దీని కథ లిండా తన ఆత్మకథ "సింపుల్ డ్రీమ్స్"లో రాసుకుంది. న్యూయార్క్‌లో ఒక రాత్రంతా పాటలు విని, తెల్లవారుజామున టాక్సీలో పోతుంటే, "మిస్టర్ బోజాంగిల్స్" రాసిన జెర్రీ జెఫ్ వాకర్ పక్కనున్నాడు. కెనడా నుంచి వచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు పాడగా విన్నానంటూ ఒక పాటలో కాస్త పాడి వినిపించాడు. లిండా అక్కడికక్కడే ఆ పాట నాకు కావాలంది. ఆ అక్కాచెల్లెళ్లు కేట్, ఆనా మెక్‌గారిగల్. క్విబెక్ వాళ్లు. పాట ఆనాది. వాళ్ల సొంత రికార్డు అప్పటికింకా రాలేదు. పాట టేపు చేతికొచ్చింది కానీ, చుట్టూ ఉన్నవాళ్లెవరికీ అది ఎక్కలేదు. ఇది అమ్ముడుపోదన్నారు. ఆమె దాన్ని ఏళ్ల తరబడి మనసులో మోసింది. ఆషర్ వచ్చాకే దానికి తలుపు తెరుచుకుంది. చివరికి ఆల్బమ్‌కి పేరు కూడా అదే అయింది.

ఇందులో డ్రమ్స్ లేవు. పియానో, కొద్దిమంది తీగవాద్యకారులు, అంతే. తీగవాద్యాలకు స్వరం కూర్చింది డేవిడ్ క్యాంప్‌బెల్, వయోలా వాయించే యువకుడు. పెద్ద సినిమా ఆర్కెస్ట్రాలా ముంచెత్తలేదు. చెలో ఒక్కటే ముందుకు వచ్చి, ఆమె గొంతుకు కింద నేలలా పరుచుకుంటుంది. పాటలో ఉపమానాలు రెండు. ఒకటి చక్రం, వంగితే మళ్లీ సరి కానిది. ఇంకొకటి నడిసముద్రంలో మునిగే ఓడ. బండిచక్రం బాగుచేసే కమ్మరి కొలిమి చూసినవాళ్లకు మొదటిది వెంటనే తగులుతుంది. ఇలాంటి మాటలకు గొంతు పెంచితే నాటకమైపోతుంది. లిండా ఏం చేసిందంటే, వాక్యం చివర స్వరాన్ని సాగదీయకుండా అక్కడే వదిలేసింది. గమకం లేదు, వణుకు లేదు. మాట అయిపోయింది, స్వరం అయిపోయింది, చెలో మాత్రం ఒక్క క్షణం ఆగి అప్పుడు కదిలింది. మరియా మల్డార్ హార్మనీ కలిపే చోట కూడా ఇద్దరి గొంతులూ పోటీ పడవు. ఒక గొంతుకు నీడ పడ్డట్టుంటుంది. పాటలో మనిషి పూర్తిగా నలిగిపోయే మాట ఒకటుంది. అక్కడ మాత్రం, ఒక్కసారి, ఆ రంచేరా గొంతు తలెత్తి చూసి మళ్లీ కిందికి దిగుతుంది. అంతసేపు దాచింది కాబట్టే ఆ ఒక్కసారీ అంత లోతుగా దిగబడుతుంది.

ఇక్కడ రికార్డు తిప్పాలి. ఇప్పుడు ఫోన్‌లో వినేవాళ్లకు ఈ పని తప్పిపోయింది, అది నష్టమే. లేచి వెళ్లి, పళ్లెం తిరగేసి, సూది పెట్టే ఆ అర నిమిషం నిశ్శబ్దం కూడా ఈ ఆల్బమ్ కూర్పులో ఒక భాగం. ఫోన్‌లో వింటుంటే అయిదో పాట అయ్యాక ఆపి, మంచినీళ్లు తాగి వచ్చి, ఆరోది పెట్టుకోండి. ఎందుకంటే ఆరోది మొహం మీద చల్లనీళ్లు కొట్టినట్టుంటుంది.

"వెన్ విల్ ఐ బి లవ్డ్". 1960లో ఎవర్లీ సోదరులు పాడిన ఫిల్ ఎవర్లీ పాట. వాళ్లిద్దరూ తేనెలాంటి గొంతులతో మొదట తమ దిగులు చెప్పుకుంటారు, మోసపోయిన సంగతి చివరి చరణంలో వస్తుంది. లిండా చరణాలు తారుమారు చేసింది. మోసం ముందుకు తెచ్చింది, దిగులు వెనక్కి నెట్టింది. చూడబోతే చిన్న మార్పు. కానీ పాట మొదటి మాటే ఫిర్యాదుగా మారింది. పంచాయతీకి వచ్చిన మనిషి కన్నీళ్లతో మొదలుపెడితే జాలిపడతాం, జరిగిన అన్యాయంతో మొదలుపెడితే లేచి కూర్చుంటాం. పైగా ఆమె ఒంటరిగా మొదలుపెట్టలేదు. మొదటి అక్షరం నుంచే పక్కన హార్మనీ గొంతులు బల్ల గుద్దినట్టు కలుస్తాయి. ఇక్కడ గొంతు దాచలేదు, పూర్తిగా వదిలింది. వదలాల్సిన చోటే వదిలింది. రెండు నిమిషాల పైచిలుకులో పాట అయిపోతుంది, ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించే లోపే. 1975 వేసవిలో ఇది కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది, పాప్ జాబితాలో రెండోది.

"విల్లిన్" గురించి ఒక మాట చెప్పక తప్పదు. లిటిల్ ఫీట్ బృందం నాయకుడు లోవెల్ జార్జ్ రాసిన లారీ డ్రైవరు పాట. ఎండకూ వానకూ తోలే డ్రైవరు, సరిహద్దు అవతలి నుంచి దొంగసరుకు కూడా మోస్తాడు, దారిలో ఊళ్ల పేర్లు వల్లిస్తాడు. ఆ ఊళ్లలో టూసాన్ ఒకటి. లిండా సొంతూరు. మగవాడి పాట కదా అని ఆమె మాటలు మార్చలేదు. ఆడగొంతుతో డ్రైవరుగానే పాడింది. నవ్వు రావాలి నిజానికి. రాదు. ఆ ఎండ, ఆ దుమ్ము, ఆ సరిహద్దు ఆమెకు పటంలో చూసినవి కావు. ఊరి పేరు నోట్లోంచి వచ్చేటప్పుడు ఆమె ప్రత్యేకంగా ఏమీ చేయదు, ఇంకే గాయనైనా అక్కడొక సంగతి వేసి చప్పట్లు కొట్టించుకునేది.

ఆ తర్వాతిది మొదట్లో చెప్పిన హాంక్ విలియమ్స్ పాట. ఇందులో ఇద్దరు అతిథులు. హార్మనీ పాడింది ఎమిలూ హ్యారిస్. పెడల్ స్టీల్ గిటార్ వాయించింది స్నీకీ పీట్ క్లైనో. ఈ వాయిద్యం గురించి కాస్త చెప్పాలి. మన పాత సినిమా పాటల్లో హవాయియన్ గిటార్ విన్నవాళ్లకు దీని చుట్టరికం తెలుస్తుంది. ఒళ్లో పెట్టుకునే ఆ గిటార్‌నే కాళ్ల మీద నిలబెట్టి, బల్లలా చేశారు. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంది, కుడిచేయి మీటుతుంది. కింద పాదాలతో నొక్కే పెడల్స్, మోకాళ్లతో తోసే మీటలు ఉంటాయి. అవి ఒక్కో తీగను విడిగా బిగించో వదిలో శ్రుతి మారుస్తాయి. అందువల్ల మూడు తీగలు కలిసి మోగుతుండగా రెండు కదలకుండా ఉండి, ఒక్కటే పక్క స్వరంలోకి జారగలదు. మన గమకం ఒక స్వరంలో జరిగితే, ఇది మూడు స్వరాల గుత్తి మధ్యలో ఒక్కదానికే జరుగుతుంది. ఆ జారుడులో ఉన్న ఏడుపు కోసమే కంట్రీ సంగీతం దాన్ని ఇంటి కోడలిలా చూసుకుంది.

స్నీకీ పీట్ ఇందులో లిండా వాక్యాల మధ్య ఖాళీల్లో మాత్రమే మాట్లాడతాడు. ఆమె పాడుతున్నప్పుడు అతను ఊరుకుంటాడు, ఆమె ఊపిరి తీసుకుంటున్నప్పుడు అతను నిట్టూరుస్తాడు. ఎమిలూ గొంతు సన్నం, వెండి తీగలాంటిది. లిండా గొంతు బరువు. పక్కపక్కన పెడితే బరువైనది సన్నదాన్ని మింగేయాలి. అలా కాలేదంటే కారణం లిండా తన గొంతును ఎమిలూ కొలతకు తగ్గించుకోవడమే. తన ఆల్బమ్‌లో తన పాటలో అతిథి కోసం అలా జరిగి కూర్చునే గాయనులు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. ఆ పాటకే కంట్రీ గాయనిగా గ్రామీ వచ్చింది. 1987లో వీళ్లిద్దరూ డాలీ పార్టన్‌ని కలుపుకుని "ట్రయో" ఆల్బమ్ తెస్తే దాని విత్తనం ఇక్కడే కనిపిస్తుంది.

"కీప్ మి ఫ్రమ్ బ్లోయింగ్ అవే" ఒక్కటి కాలిఫోర్నియా పాట కాదు. వాషింగ్టన్ పక్కన, మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో రికార్డు చేశారు. అక్కడి బ్లూగ్రాస్ వాళ్లు వాయించారు. గిటార్ జాన్ స్టార్లింగ్‌ది. ఆయన సెల్డమ్ సీన్ అనే బృందంలో పాడేవాడు, వృత్తి రీత్యా చెవి ముక్కు గొంతు డాక్టరు. గాయనికి ఇంతకంటే తగిన తోడు ఎవరు దొరుకుతారు! పాట నిరాడంబరంగా వచ్చి వెళ్తుంది. చివరగా జేమ్స్ టేలర్ జోలపాట "యూ కెన్ క్లోజ్ యువర్ ఐస్". టేలర్ 1971లో దీన్ని పాడినప్పుడు ఆ ఆల్బమ్ నిర్మాత కూడా ఆషరే. నిందతో మొదలైన రికార్డు జోలతో ముగుస్తుంది. మొత్తం కలిపి అరగంట దాటి ఒకటి రెండు నిమిషాలు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, భద్రపరచదగిన రికార్డుల 2013 పట్టికలో దీన్ని చేర్చింది. 2013లోనే లిండా ఒక చేదు కబురు చెప్పింది. పార్కిన్సన్స్ వల్ల తానింక పాడలేనని. అది పార్కిన్సన్స్ కాదని, అదే కోవకు చెందిన ఇంకా అరుదైన నరాల జబ్బని తర్వాత తేలింది. తన పాత రికార్డులు తాను వినలేనని, అప్పట్లో తనకు పాడటం సరిగా రాదని ఆమె ఇంటర్వ్యూల్లో చాలాసార్లు అంది. నేను ఒప్పుకోను కానీ, నాలుగో పాట విషయంలో మాత్రం ఆమెతో కూర్చుని మాట్లాడాలనుంది.

2019లో ఆమె మీద వచ్చిన డాక్యుమెంటరీ చివర్లో ఒక దృశ్యం ఉంది. ఇంట్లో సోఫా మీద ఆమె, ఇరుపక్కలా చుట్టాలు, ఒకరి చేతిలో గిటార్. చిన్నప్పుడు ఇంట్లో పాడుకున్న మెక్సికన్ పాట అందుకుంటారు. బాణీని పక్కవాళ్లు మోస్తారు. లిండా వాళ్లతో పాటు కింద ఎక్కడో ఒక సన్నటి గీతలా గొంతు కలుపుతుంది, ఒక్కో స్వరం వెతుక్కుంటూ. అయిపోయాక, ఇది పాడటం కిందికి రాదని తనే కొట్టిపారేస్తుంది.